ఆకు వెనక్కి తిప్పి చూడండి: పాలమూరు, నల్గొండ వైపు షీల్డ్ ఫెర్న్, వుడ్ ఫెర్న్ గుర్తుపట్టడం ఎలా

వాగు ఒడ్డున ఈకలా చీలిన ఆకు కనబడగానే పైనుంచి ఒక ఫొటో తీసి వుడ్ ఫెర్న్ అని పేరు పెట్టేయడం మామూలైపోయింది. ఫోన్‌లోని మొక్కల యాప్ కూడా చాలాసార్లు అదే మాట అంటుంది. పూలు, గింజలు లేని మొక్కలు ఫెర్న్‌లు, వాటి విషయంలో పైనుంచి తీసిన ఫొటోతో దాదాపు ఏమీ తేలదు. తేల్చేవి మూడు: ఆకు వెనక ఉండే చుక్కలు, కాడ మొదట్లో ఉండే పొలుసులు, కాడను కోస్తే లోపల కనిపించే నాళాలు. ఈ మూడూ చూడటం వస్తే నల్లమలలో మన్ననూరు దాటాక కనిపించే ఫెర్న్ ఏ కుటుంబానిదో పది నిమిషాల్లో చెప్పేయొచ్చు.

ముందు దేన్ని వెతుకుతున్నామో తెలియాలి. షీల్డ్ ఫెర్న్ అంటే పాలిస్టికమ్ ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు), వుడ్ ఫెర్న్ అంటే డ్రయాప్టెరిస్ ప్రజాతి. రెండూ డ్రయాప్టెరిడేసీ కుటుంబానివే. ప్రపంచం మొత్తం మీద పాలిస్టికమ్‌లో సుమారు 500 జాతులు, డ్రయాప్టెరిస్‌లో సుమారు 400 ఉంటాయి. రెంటికీ చల్లదనం, నీడ, కుళ్లిన ఆకుల మెత్తటి మట్టి కావాలి. మన దేశంలో పాలిస్టికమ్‌ను చూడాలంటే హిమాలయాలకో, నీలగిరి, పళని కొండల మీది షోలా అడవులకో పోవాలి. ఏడాదికి సగటున 600 మిల్లీమీటర్ల వాన పడే పాత పాలమూరు జిల్లాలో, 750 దాకా పడే నల్గొండలో, మే నెల ఎండకు అది బతుకుతుందని ఆశ పెట్టుకోకండి. ఎవరైనా నల్లమలలో షీల్డ్ ఫెర్న్ దొరికిందంటే ఆకు వెనక వైపు దగ్గరి ఫొటో అడగండి.

డ్రయాప్టెరిస్ సంగతి వేరు. ఇందులో డ్రయాప్టెరిస్ కాక్లియేటా అనే జాతి ఆకురాల్చే అడవులకు అలవాటు పడింది. మధ్య భారతంలోనూ, పడమటి, తూర్పు కనుమల్లోనూ పెరుగుతుంది. వానలు పడగానే కొమ్ములోంచి (నేలలో ఉండే కాండం) లేచి, ఎండలు ముదిరేసరికి ఆకు ఎండిపోయి, మళ్లీ వానాకాలం దాకా నేలలోనే నిద్రపోతుంది. మన అడవిలో నిజమైన వుడ్ ఫెర్న్ కోసం చూసేవాళ్లు ముందు దీని లక్షణాలే మనసులో పెట్టుకోవాలి.

ఎప్పుడు, ఎక్కడ

జూలైలో ఆకులు విచ్చుకుంటాయి, కానీ వెనక చుక్కలు ముదరవు. డిసెంబర్ దాటితే చాలా ఆకులు మాడిపోతాయి. గుర్తుపట్టడానికి సెప్టెంబర్ చివరి నుంచి నవంబర్ మధ్య దాకా మంచి కాలం. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో వానాకాలం మూడు నెలలు, అంటే జూలై నుంచి సెప్టెంబర్ దాకా, సఫారీలు ఆపేస్తుంటారు కాబట్టి అక్టోబర్ అన్నివిధాలా కలిసొస్తుంది. హైదరాబాద్–శ్రీశైలం రోడ్డు మీద రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా అడవిలోకి బండ్లు వదలరు, ఆ లెక్కతో బయల్దేరండి. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర ఏ దారి తెరిచి ఉందో అడిగి ముందుకు పోండి. అభయారణ్యంలో ఆకు తెంపాలన్నా, కొమ్ము తవ్వాలన్నా అటవీశాఖ రాతపూర్వక అనుమతి ఉండాల్సిందే. అనుమతి లేనివాళ్లు ఆకును మొక్క మీదే ఉంచి వంచి చూడాలి. కింద చెప్పే పనుల్లో కాడ కోయడం తప్ప మిగతావన్నీ తెంపకుండానే చేయొచ్చు.

అడవిలో ఫెర్న్ అంతటా ఉండదు. వెదురు కింద ఎండు నేలలో గంటలు తిరిగితే ఏమీ దొరక్కపోవచ్చు, పక్కనే ఒర్రె మలుపులో బండ కింద గజం జాగాలో నాలుగు రకాలు ఉండొచ్చు. ఉత్తరం వైపు తిరిగిన బండ ముఖం, ఏడాది పొడుగునా నీటి చెమ్మ ఊరే పగుళ్లు, లొద్దుల అడుగున వాగు ఒడ్డు, చెట్టు వేళ్ల సందున ఆకుమట్టి పేరుకున్న చోటు: ఈ నాలుగూ వెతకండి. అచ్చంపేట దగ్గర ఉమామహేశ్వరంలో కొండ బండల నుంచి నీళ్లు ఊరే చోట, వటవర్లపల్లి దగ్గర లోపలికి తిరిగితే వచ్చే మల్లెలతీర్థం లోయలో ఇలాంటి తడి బండలను దారి మీది నుంచే చూడొచ్చు. మల్లెలతీర్థం మెట్లు నాచు పట్టి జారుతాయి, రబ్బరు చెప్పులతో దిగకండి. బండ పగుల్లో చెయ్యి పెట్టేముందు కర్రతో తట్టండి, తేళ్లకూ పాములకూ కూడా ఆ చల్లదనమే కావాలి. కొండచరియలకు పెద్ద తేనెపట్లు వేలాడుతుంటే కింద నిలబడి మాట్లాడటం, పొగతాగడం, సెంటు పూసుకుని పోవడం వద్దు.

అడవిదాకా పోలేనివాళ్లు పాత దిగుడుబావుల రాతి గోడలు, సాగర్ ఎడమ కాలువ పిల్లకాలువల ఇటుక కట్టడాలు, తూముల లోపలి వైపు చూస్తే సరిపోతుంది. అక్కడ వుడ్ ఫెర్న్ దొరకదు. దాన్ని పోలినవి మాత్రం దొరుకుతాయి, చెయ్యి తిరగడానికి అవే ఎక్కువ పనికొస్తాయి.

ముందు పూలకొట్టుకు పోండి

నల్గొండలోనో మహబూబ్‌నగర్‌లోనో బొకేలు కట్టే పూలకొట్టుకు వెళ్లండి. గులాబీల వెనక పెట్టే ముదురాకుపచ్చ, తోలులా దళసరిగా, మూడు మూలలుగా ఉండే ఆకు లెదర్‌లీఫ్ ఫెర్న్. దీని శాస్త్రీయ నామం రుమోరా. ఇది కూడా డ్రయాప్టెరిడేసీ కుటుంబానిదే. కట్టలో వెనకవైపు చుక్కలున్న ఆకులను ఏరుకుని రెండు మూడు తెచ్చుకోండి. చుక్కలున్న ఆకులను కొట్టువాళ్లు పక్కన పెట్టేస్తుంటారు, మనకు కావాల్సినవి అవే.

ఈ ఆకుతో నేర్చుకోవాల్సింది ఒక్కటే. వెనక ఉన్న గుండ్రటి చుక్కను సోరస్ అంటారు, సిద్ధబీజాలు (ఫెర్న్‌కు విత్తనాల బదులు ఉండే సన్నటి పొడి) తయారయ్యే సంచుల గుంపు అది. లేతగా ఉన్నప్పుడు దాని మీద పల్చటి మూత ఉంటుంది, పేరు ఇండూసియం. పది రెట్ల లెన్స్‌తో చూస్తూ గుండుసూది మొనతో ఆ మూత అంచును మెల్లగా ఎత్తండి. రుమోరాలో అంచు చుట్టూ అన్ని వైపులా లేస్తుంది, మధ్యలో మాత్రం పొట్టి కాడతో అంటుకుని ఉంటుంది. షీల్డ్, అంటే డాలు, ఇదే. షీల్డ్ ఫెర్న్‌కు ఆ పేరు తెచ్చిన మూత కూడా సరిగ్గా ఇలాగే ఉంటుంది. నర్సరీల్లో హోలీ ఫెర్న్ పేరుతో అమ్మే సిర్టోమియంలో కూడా డాలు మూతే ఉంటుంది, కుండీ కొనకుండా అక్కడే లెన్స్‌తో చూసి రావొచ్చు.

వుడ్ ఫెర్న్ మూత జీడిపప్పులా ఒక పక్క నొక్కుతో ఉంటుంది. ఆ నొక్కు దగ్గరే ఆకుకు అతుక్కుంటుంది. సూదితో ఎత్తితే మిగతా అంచంతా లేస్తుంది, నొక్కు దగ్గర మాత్రం లేవదు. ఈ తేడా ఒకసారి కళ్లకు పట్టిందంటే ఇక మరిచిపోరు.

సంచిలో ఏముండాలి

పది రెట్ల చేతి లెన్స్, 15 సెంటీమీటర్ల స్టీలు స్కేలు, కొత్త బ్లేడు, రెండు గుండుసూదులు, పెన్సిల్, గట్టి అట్ట నోటుబుక్, నాలుగు తెల్లకాగితాలు. పెన్ను వద్దు, తడి తగిలితే సిరా అలుక్కుపోతుంది. ఇరవై రెట్ల లెన్స్ కొంటే ఇంకా బాగా కనిపిస్తుందని అనుకుంటారు గానీ, దాన్ని గాలికి ఊగే ఆకు మీద నిలపడం కష్టం. పదే మేలు.

మొక్క దగ్గర చూసే వరుస

ఈ వరుస మార్చకండి. చుక్కల దగ్గర మొదలుపెడితే మిగతా మొక్కను చూడటం మానేస్తాం.

మొదట మోకాళ్ల మీద కూర్చుని మొదలు చూడండి. ఆకులన్నీ ఒకే బిందువు నుంచి చుట్టూ గరాటులా లేచాయా, లేక పాకే కొమ్ము మీద దూరం దూరంగా ఒక్కొక్కటే వచ్చాయా? మొదటిదైతే డ్రయాప్టెరిస్, పాలిస్టికమ్‌ల వైపు అనుమానం పోవచ్చు. మట్టిని వేలితో కొద్దిగా తప్పించి చూస్తే చాలు, కొమ్మును పెరకకండి. కొమ్ము పోతే ఆ చోట మళ్లీ మొక్క రావడానికి ఏళ్లు పడుతుంది.

రెండోది కాడ. మొదట్లో గోధుమరంగు పొరల్లాంటి పొలుసులు ఒత్తుగా ఉన్నాయా, లేక తెల్లటి నూగు ఉందా? పొలుసు చదునుగా, వెడల్పుగా ఉంటుంది, గోటితో లాగితే ఊడి వస్తుంది. నూగు సన్నగా, నిటారుగా ఉండి వేలికి మెత్తగా తగులుతుంది. పొలుసులుంటే మన దారి సరైనదే. ఒట్టి నూగే ఉంటే వుడ్ ఫెర్న్ ఆశ వదిలేసి, దాన్ని పోలిన క్రిస్టెల్లా అనే ఫెర్న్ గురించి ఆలోచించండి.

మూడోది ఆకు చీలిక. ఆకు ఒక్కసారే చీలిందా, చీలిన ముక్క, అంటే పత్రకం, మళ్లీ చీలిందా లెక్కపెట్టండి. పాలిస్టికమ్‌లో చిన్న పత్రకం అడుగున, ఆకు కొస వైపున్న పక్కన, బొటనవేలిలా పొడుచుకొచ్చిన చెవి ఉంటుంది. అంచు పళ్లు ముల్లులా మొనదేలి చేతికి గరుకుగా తగులుతాయి. డ్రయాప్టెరిస్ సాధారణంగా మెత్తన, చెవి అంత స్పష్టంగా ఉండదు.

నాలుగోది ఈనెలు. ఆకును ఎండకు అడ్డంగా పట్టి చూడండి. ఒక తమ్మె (పత్రకం అంచున సగం చీలిన భాగం) ఈనెలు పక్క తమ్మె ఈనెలతో కలవకుండా ఎవరి దారిన వాళ్లు అంచు వైపు పోతే డ్రయాప్టెరిస్ కావొచ్చు. రెండు తమ్మెల మధ్య సందు కింద ఈనెలు కలిసి ఒకటే గీతగా సందు వైపు నడిస్తే అది క్రిస్టెల్లా. వలలా అల్లుకుంటే టెక్టేరియా అనే మరో ఫెర్న్.

ఐదోది చుక్కలు. ముదిరి చిట్లిన చుక్కల్లో మూత ముడుచుకుపోయి రాలిపోతుంది, వాటిని చూసి మూతలేని జాతి అనుకునే పొరపాటు చాలామంది చేస్తారు. అందుకే అదే మొక్కలో ఆలస్యంగా విచ్చుకున్న ఆకును ఏరుకోండి, అందులోనూ మూత ఇంకా లేత ఆకుపచ్చగానో తెల్లగానో ఉన్న చుక్కను ఎంచుకోండి. సూదితో ఎత్తి, డాలా, నొక్కున్న మూతా అన్నది తేల్చుకోండి. చుక్క ఈనె మీద మధ్యలో ఉందా, అంచును అంటి ఉందా అన్నది కూడా రాసుకోండి.

ఆరోది, అనుమతి ఉంటేనో, కాలువ గట్టు మీద దొరికిన మొక్కకో మాత్రమే: ఆకు కాడను నేల నుంచి రెండు సెంటీమీటర్ల ఎత్తున కొత్త బ్లేడుతో అడ్డంగా, ఒకే కోతలో కోయండి. పాత బ్లేడు నలిపేస్తుంది, నాళాలు కనబడవు. కోసిన ముఖం మీద లెన్స్ పెడితే లేత రంగు చుక్కలో గీతలో కనిపిస్తాయి. వెడల్పాటి పట్టీలు రెండే ఉంటే క్రిస్టెల్లా కుటుంబమో, డిప్లాజియం వైపు మొక్కో. చిన్న గుండ్రటి నాళాలు ఐదో ఏడో చాపంలా వరుసగా ఉంటే డ్రయాప్టెరిస్ వైపు. కనబడకపోతే కాడను ఎరుపు రంగు కలిపిన నీళ్లలో అరగంట నిలబెట్టి, కింది భాగం తీసేసి మళ్లీ కోయండి. నీరు పీల్చే నాళాలు ఎర్రగా తేలతాయి.

మోసపోయే చోట్లు

క్రిస్టెల్లా డెంటాటానే మన వైపు వుడ్ ఫెర్న్ పేరు మీద ఎక్కువగా చలామణీ అయ్యేది. కాలువల పక్కన, బావిలో, వాగు ఒడ్డున అంతటా ఉంటుంది. మూత దీనికి కూడా నొక్కు ఉన్నదే, అదే అసలు చిక్కు. కానీ ఆ మూత మీదే నూగు ఉంటుంది. కాడ, ఈనెలు, ఆకు రెండు వైపులా నూగుతో ముఖమల్‌లా తగులుతాయి. ఈనెలు కలుస్తాయి, కాడలో పట్టీలు రెండే. ఈ నాలుగింటిలో రెండు సరిపోయినా వుడ్ ఫెర్న్ కాదని కొట్టేయొచ్చు.

టెక్టేరియా అడవిలో తడి నీడలో పెరిగే పెద్ద ఆకు మొక్క. ఆకు మొత్తంగా మూడు మూలల ఆకారంలో, పెద్ద పెద్ద తమ్మెలుగా ఉంటుంది. కాడలో నాళాలు ఎక్కువ ఉండటం వల్ల ఆరో పరీక్షలో మోసం చేస్తుంది, వల అల్లిన ఈనెలు దాన్ని పట్టిస్తాయి. అందుకే నాలుగోది వదిలి ఆరోదానికి దూకొద్దు.

ఇంటి ముందు కుండీల్లో వేలాడే నెఫ్రోలెపిస్‌కు మూత నొక్కుతోనే ఉంటుంది, కానీ ఆకు ఒక్కసారే చీలుతుంది, మొదట్లోంచి తీగల్లాంటి పిల్లకాడలు పాకుతాయి. ఆంపెలాప్టెరిస్ కాలువ గట్ల మీద పొదలు పొదలుగా అల్లుకుంటుంది, ఆకు మీదే పిల్లమొక్కలు పుడతాయి, చుక్కలకు మూత ఉండదు. డిప్లాజియంలో సోరస్ గుండ్రంగా కాక పొడుగు గీతగా ఉంటుంది.

పాత ఇటుక గోడల మీద, సున్నం ఉన్న చోట పెరిగే టెరిస్ విట్టాటాకు గుండ్రటి చుక్కలే ఉండవు. ఆకు అంచు వెనక్కి మడిచి, ఆ మడత కింద పొడుగునా గోధుమరంగు గీత ఉంటుంది. ఈ మొక్క నేలలోని ఆర్సెనిక్‌ను పీల్చి ఆకుల్లో పోగుచేస్తుందని 2001లో తేలింది. కాబట్టి దీన్ని కూరకో, మందుకో, పశువుల మేతకో కోయకండి. అడియాంటమ్‌ను చూడగానే పోల్చుకోవచ్చు, కాడ నల్లగా నిగనిగలాడుతుంది. బండ పగుళ్లలో విసనకర్రలా ఉండే చిన్న మొక్క మయూరశిఖ, ఆక్టినియాప్టెరిస్. ఆకు వెనక తెల్లటి పిండిలా ఉండి అరచేతికి అద్దితే ముద్ర పడేది వెండి ఫెర్న్.

ఇక డ్రయాప్టెరిస్ కాక్లియేటాను తేల్చే గుర్తు ఒకటుంది. ఒకే మొదట్లోంచి రెండు రకాల ఆకులు వస్తాయి. గొడ్డు ఆకులు వెడల్పుగా విచ్చుకుని ఉంటాయి. సిద్ధబీజాలు మోసేవి సన్నగా, నిటారుగా లేస్తాయి, వాటి పత్రకాలు కుంచించుకుపోయి వెనకంతా చుక్కలతో కప్పేసి ఉంటాయి. రెండూ వేర్వేరు మొక్కలని నోటుబుక్‌లో రెండు పేర్లు రాయకండి, మొదలు దాకా కాడను వెంబడించి చూడండి.

ఫొటో, రాత

ఆరు ఫొటోలు చాలు: చోటు మొత్తం, మొక్క మొత్తం, మొదలు, కాడ మీది పొలుసులు, ఆకు వెనక స్కేలుతో సహా, లెన్స్‌లోంచి ఒక్క సోరస్. చివరిదానికి లెన్స్‌ను ఫోన్ కెమెరాకు ఆనించి, ఫోన్‌ను ముందుకూ వెనక్కూ జరుపుతూ స్పష్టత వచ్చిన చోట నొక్కండి, తెరను వేలితో పెద్దది చేయకండి. ఎండ నేరుగా పడితే మూత తెల్లగా మాడి కనిపిస్తుంది, నోటుబుక్ అడ్డం పెట్టి నీడ చేయండి. రాతలో తేదీ, చోటు, నేల ఏదో, నీళ్లు ఎంత దూరంలో ఉన్నాయో, ఎండ ఏ వేళ తగులుతుందో ఉండాలి. పేరు తేలకపోతే ప్రజాతి వరకే రాసి ఆపండి. ఊహించి రాసిన పేరు కంటే అది మేలు.

సిద్ధబీజాలతో పెంచి చూడాలనుకుంటే

కాలువ గట్టు మీది క్రిస్టెల్లాతోనో, పూలకొట్టు రుమోరాతోనో చేయండి, అడవి మొక్కను ముట్టొద్దు. చుక్కలు గోధుమరంగుకు తిరిగి చిట్లడానికి సిద్ధంగా ఉన్న పత్రకాన్ని వెనకవైపు కిందికి వచ్చేలా తెల్లకాగితం మధ్య మడిచి పుస్తకం కింద రెండు రోజులు ఉంచండి. కాగితం మీద సన్నటి పొడి పడుతుంది. కాగితాన్ని కొద్దిగా వంచి తడితే ఆకు పొట్టు ముందు జారిపోతుంది, సిద్ధబీజాలు కాగితాన్ని అంటుకుని వెనక మిగులుతాయి.

మూత ఉన్న పారదర్శకమైన డబ్బాలో రెండు అంగుళాలు కొబ్బరిపొట్టు నింపి మరిగే నీళ్లు పోయండి. మూతపెట్టి పూర్తిగా చల్లారనివ్వండి. ఈ పని ఎగ్గొడితే వారంలోనే బూజు పడుతుంది. తర్వాత పొడిని చిటికెడులో సగం, పైనుంచి చాలా పల్చగా చల్లండి. ఎక్కువ చల్లితే రెండు నష్టాలు. సిద్ధబీజం మొలిచి అయ్యే చిన్న పచ్చటి పొరలు, అంటే ప్రోథాలస్‌లు, ఒకదాని మీదొకటి ఎక్కుతాయి. పైగా దట్టంగా ఉన్నచోట వాటి నుంచి వచ్చే రసాయనం వల్ల ఎక్కువగా మగవే తయారై, కొత్త మొక్కలు పుట్టవు.

ఎండ తగలని వెలుతురులో, కిటికీకి రెండు మూడు అడుగుల దూరంలో పెట్టండి. మూడు నాలుగు వారాల్లో పచ్చటి పొర కనిపిస్తుంది, రెండు మూడు నెలల్లో గోరంత గుండె ఆకారపు ప్రోథాలస్‌లు అవుతాయి. అప్పుడు వారానికి రెండుసార్లు సన్నటి తుంపర కొట్టాలి. మగకణం ఈదుకుంటూ పోయి అండాన్ని చేరాలంటే పైన నీటి పొర ఉండాల్సిందే. పొర పచ్చగా, ఆరోగ్యంగా ఉండి కూడా నెలల తరబడి మొక్క రాకపోతే కారణం తరచు ఇదే, పైన తడి లేదు.

అక్టోబర్, నవంబర్‌లో విత్తండి. మార్చిలో విత్తినవి ప్రోథాలస్ దశకు వచ్చేసరికి ఎండలు ముదిరి డబ్బా లోపలే ఉడికిపోతాయి. నీళ్లు కూడా చూసుకోండి. మన బోరు నీళ్లలో ఉప్పులు, సున్నం ఎక్కువ. తుంపర కొట్టిన చోటల్లా తెల్లటి పొర కట్టి ప్రోథాలస్ అంచులు గోధుమరంగుకు మారతాయి. వాననీళ్లు పట్టి దాచుకోండి, లేకపోతే ఆర్‌ఓ నీళ్లు వాడండి. మొక్కలకు మూడు నాలుగు ఆకులు వచ్చాక డబ్బా మూతను రోజుకు కాసేపు చొప్పున తెరుస్తూ పది రోజుల్లో పూర్తిగా తీసేయండి. ఒక్కసారే తీస్తే ఆ పొద్దే వాలిపోతాయి.